ఎడమ గోడ నాది

ఆగస్టు 21, 1972

నా పేరు హేజెల్ థ్రెల్‌ఫాల్. వయసు ఇరవై రెండు. చరిత్రలో పట్టా ఉంది, ఉద్యోగం లేదు. ఇవి నాకు తెలియని సంగతులేం కావు. కానీ ఇవాళ మున్సిపల్ ఆఫీసులో పెద్ద అధికారి పికప్ గారు "నువ్వెవరమ్మా?" అని పదే పదే అడిగేసరికి చివరికి నాకే అనుమానం వచ్చింది. అందుకని రాసిపెట్టుకున్నాను.

మా కాలువను పూడ్చి రోడ్డు వేస్తారట. నాకు కోపం లేదు.

భావి చరిత్రకారుల సౌకర్యార్థం, వాళ్ళెవరూ ఈ డైరీ చదవకూడదన్న షరతు మీద, సంగతేమిటో రాస్తున్నాను. రెండు వందల ఏళ్ళ కిందట సర్ జోసియా వేన్ అనే బొగ్గుగనుల ఆసామి హాగ్‌ఎండ్ నుంచి సాల్ట్‌బెక్ దాకా ఈ కాలువ తవ్వించాడు. మధ్యలో నేల ఇచ్చిన ఊరివాళ్ళు తెలివైనవాళ్ళు. ఒక షరతు పెట్టారు. ఏటా సెప్టెంబరు 29న వచ్చే మైకేల్‌మస్ పండగ నాటికి సరుకు నింపిన పడవ ఒక్కటైనా ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాలి. ఒక్క ఏడాది తప్పినా కాలువ మళ్ళీ ఊరిదే. ఊరంటే ఇప్పుడు మున్సిపాలిటీ. మున్సిపాలిటీ అంటే పికప్ గారు.

రైలు వచ్చింది, లారీ వచ్చింది, పడవలన్నీ పోయాయి. మా తాత ఆమోస్ పడవ మాత్రం పోలేదు. దాని పేరు పేషెన్స్, అంటే ఓర్పు. మా కుటుంబంలో ఆ గుణం ఉన్నది దానికొక్కదానికే. తాత ఏటా సెప్టెంబరులో దాన్నిండా బొగ్గు వేసుకుని సాల్ట్‌బెక్‌లో ఉండే మాట్రమ్ అవ్వకి చేరుస్తాడు. ఆవిడ చలికాలమంతా అది కాల్చుకుంటుంది. కాలువ ఇంకో ఏడాది బతుకుతుంది.

ఈ ఏడు తాత రేవు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పికప్ గారికి పండగ నెల ముందే వచ్చింది.

"ఈసారి నేనే సాల్ట్‌బెక్ రేవులో నిలబడి చూస్తానమ్మా," అన్నాడు. "ఎవరో సంచి బొగ్గు పెట్టుకుని ఊరేగితే అది వ్యాపారం అనిపించుకోదు. తిరునాళ్ళు అనిపించుకుంటుంది. అవతల ఆ సరుకు కోసం నిజంగా ఎదురుచూసేవాడు ఒకడుండాలి. సరేనా, ఇంతకీ నువ్వెవరి అమ్మాయివన్నావూ?"

నాకు కోపం లేదు. బయటికొస్తూ వాళ్ళ గొడుగుల స్టాండును తన్నాను. అది చరిత్రతో సంబంధం లేని విషయం.

ఆగస్టు 22

కాలి బొటనవేలు వాచింది.

ఆగస్టు 27

ఆసుపత్రిలో తాత కస్టర్డ్ తినడట. "పసుపు రంగు సున్నం," అన్నాడు నర్సు ముందే. తర్వాత నా చెయ్యి పట్టుకుని పనిలోకి దిగాడు.

"సొరంగం గురించే నా దిగులంతా. మిగతా దారి తాడు కట్టి గట్టు మీంచి లాగెయ్యచ్చు. సొరంగంలో గట్టు లేదుగా."

లేదు. సర్ జోసియా గారు కొండను తొలిచేటప్పుడు పడవ పట్టేంత మేర తొలిచి, గుర్రం నడవాల్సిన దారి దగ్గర చెయ్యి బిగబట్టుకున్నారు. అందుకని రెండు వందల ఏళ్ళుగా ఆ సొరంగంలో పడవలు మనుషుల కాళ్ళతోనే కదిలాయి. ముందు భాగంలో అడ్డంగా పలక వేసి, దాని మీద ఇద్దరు తలలు ఆనించుకుని వెల్లకిలా పడుకుంటారు. ఒకడి కాళ్ళు ఎడమ గోడకి, ఇంకొకడివి కుడి గోడకి. ఇద్దరూ గోడ మీద అడుగులు వేస్తూ పోతారు, పడవ ముందుకి పోతుంది. దీన్ని మావాళ్ళు గోడ నడవడం అంటారు.

"ఇద్దరి తోపూ సమానంగా ఉండాలి," అన్నాడు తాత. "నువ్వు గట్టిగా తోశావా, పడవ పోయి అవతలివాడి గోడకి కొట్టుకుంటుంది. మీ నానమ్మ తమ్ముడు సేత్ లేడూ, వాడూ నేనూ ఒక కుక్క దగ్గర పోట్లాడుకుని మాటలు మానేశాం. వాడు చచ్చేదాకా మాట్లాడుకోలేదు. కానీ ఆ ఏళ్ళలో పేషెన్స్ ఒక్కసారి గోడ తగల్లేదు."

"మాట్లాడుకోకుండా ఎలా తాతా?"

"వాడికి నా మీదెంత మంటో నాకూ వాడి మీద అంతే మంట. పడవకి అంతకన్నా ఏం కావాలి?"

తర్వాత అడిగాడు, "దెస్ వస్తానన్నాడా?"

దెస్ మా అన్న డెస్మండ్. తాతతో కుడి గోడ నడిచేది వాడే. "అడుగుతాలే," అన్నాను.

అడగను.

సెప్టెంబరు 3

ఎందుకు అడగనో రాయాల్సిన అవసరం లేదు. జూలైలో నేను సామానుతో దిగిన రోజున దెస్ గుమ్మంలో నిలబడి, "ఓ, మహారాణీ గారు వేంచేశారు. అత్తరు చల్లమంటారా?" అన్నాడు. నేను కూడా ఏదో అన్నాను. అది రాయను.

అప్పటినుంచి ఒకే ఇంట్లో ఉంటూ ఉప్పు కావాలంటే పిల్లికి చెప్తున్నాం. పిల్లి విసిగిపోయింది.

సెప్టెంబరు 9

చరిత్ర సంఘం నుంచి బారక్లఫ్ గారు ముందుకొచ్చారు. తెర మీద లాంతరు బొమ్మలు వేసి చూపిస్తూ కాలువ గురించి ఉపన్యాసాలు ఇస్తారు. వయసు డెబ్బై దాటింది, ఉత్సాహం ఇరవై దాటలేదు. ఖాళీ పడవతో సొరంగంలో ఒక ప్రయోగం చేశాం.

ప్రయోగ ఫలితం: లోపలికి కాస్త దూరం పోయాక ఆయన నడుము పట్టేసింది. నేను ఒంటరిగా ఎడమ గోడ తోస్తే పడవ వెళ్ళి కుడి గోడకి అతుక్కుంది. చీకట్లో ఆయన, "హేజెల్, ఇక్కడ ఇటుక పేర్పు చూశావా? అద్భుతం!" అంటారు. నేను రెండు చేతుల్తో గోడని గీరుకుంటూ వెనక్కి బయటికి తెచ్చాను. సంఘ కార్యదర్శి ఓల్డ్‌రాయిడ్ టీచరమ్మ, చిన్నప్పుడు నాకు ఎక్కాలు చెప్పిన మనిషి, గట్టు మీద ఫ్లాస్కుతో నిలబడి ఉంది.

"అమ్మాయ్," అంది ఆయన్ని దించాక. "మీ అన్న ఉండగా ఈ ముసలాయన్ని ఎందుకు చంపుతున్నావు?"

"మా అన్నకి తీరిక లేదండీ."

"నీకు పొగరు తగ్గలేదు," అని టీ పోసింది.

సెప్టెంబరు 12

రాస్తుంటే పెన్సిలు ములికి రెండుసార్లు విరిగింది. చలికి. సెప్టెంబరులో చలి ఉంటుంది.

సాల్ట్‌బెక్ రేవుకి వెళ్ళాను. అప్పుడే అక్కడ కంచె వేశారు, రోలర్ తెచ్చి పెట్టారు. కాలువ మూతి పూడ్చడానికి హాగ్‌ఎండ్ క్వారీ నుంచి రాయి వస్తుందట, మైకేల్‌మస్ రోజు పొద్దున్నే మొదటి లోడు. ముందుగా దారి చూసుకోవడానికి కాంట్రాక్టరు లారీ వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి వెనక్కి చూసుకుంటూ తిప్పుతున్నాడు.

దెస్.

దెస్ దిగాడు. నన్ను చూశాడు. నోట్లో సగం రొట్టె ఉంది. మింగి, "ఏంటే?" అన్నాడు.

"తాత కాలువలో రాళ్ళు పొయ్యడానికి నీకు జీతం ఇస్తున్నారా?"

"ఎవరో ఒకడికి ఇస్తారు. నాకిస్తే నీకేం?"

"సిగ్గు లేదూ?"

"ఉంది. శని ఆదివారాలు వాడతాను." లారీ ఎక్కి తలుపు వేసుకున్నాడు. మళ్ళీ కిటికీ దించాడు. "నువ్వు ఊళ్ళో లేనప్పుడు ఈ కాలువలో పరుపులూ పిల్లల బండ్లూ ఎవరు తీశారనుకున్నావ్? సర్ జోసియా వచ్చి తీశాడా?"

వెళ్ళిపోయాడు. నోటికొచ్చిన జవాబులన్నీ చాలా గొప్పగా ఉన్నాయి. లారీ మలుపు తిరిగాక వచ్చాయి.

తాతకి చెప్పను. తెలిస్తే మంచినీళ్ళు కూడా దిగవు.

సెప్టెంబరు 13

వాడి చొక్కాలు ఉతకలేదు.

సెప్టెంబరు 14

వాడి చొక్కాలు వాడే ఉతుక్కున్నాడు. నావి కూడా కలిపి. కావాలనే.

సెప్టెంబరు 20

గోడ నడవడానికి ఇంకెవరైనా దొరుకుతారేమోనని పబ్బులో అడిగాను. ఒకడు ఒప్పుకున్నాడు, కానీ లేచి నిలబడలేకపోయాడు. ఈ పనికి నిలబడక్కర్లేదని చెప్పాను. అయినా లాభం లేదు.

సెప్టెంబరు 24

బొగ్గు మాట ఖాయం చేసుకుందామని మాట్రమ్ అవ్వ ఇంటికి వెళ్ళాను. పార్కిన్ అనే అల్లం కేకు పెట్టింది, టీ పోసింది. గది హాయిగా వెచ్చగా ఉంది. ఎందుకు వెచ్చగా ఉందా అని చూశాను.

కుంపటి గూట్లో గ్యాస్ హీటరు. నీలం మంట.

"మా అల్లుడు పెట్టించాడే! చూడు ఎంత శుభ్రమో. బూడిద లేదు, మసి లేదు. చిన్న చక్రం తిప్పితే చాలు." తిప్పి చూపించింది. ఆర్పి, మళ్ళీ తిప్పి చూపించింది.

"మరి బొగ్గు, అవ్వా?"

"అయ్యో, ఆమోస్‌కి చెప్పనే లేదు కదూ. ఒక బుట్టెడు తెచ్చిపెట్టు పోనీ. పువ్వుల కుండీలో అందంగా ఉంటుంది."

ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం కుదరలేదు. నెల రోజులుగా కోపం తెచ్చుకోలేకపోయిన మొదటి మనిషి ఆవిడే. దానికి కూడా కోపం వచ్చింది.

బొగ్గు అక్కర్లేదు. ఎదురుచూసే మనిషి లేదు. ఇక పడవ వెళ్ళినా ఒకటే, వెళ్ళకపోయినా ఒకటే. పికప్ గారు రేవులో నిలబడి "తిరునాళ్ళు" అంటాడు, నాకు చెప్పడానికి ఏమీ ఉండదు.

సెప్టెంబరు 26

ఇంట్లో ఎవరూ లేరనుకుని వంటింట్లో గిన్నెలు పగలగొట్టే ఉద్దేశంతో ఒక గిన్నె పైకెత్తాను. దెస్ వెనక ఉన్నాడు.

"అది తాతది," అన్నాడు.

దించాను. నా నోటి నుంచి గ్యాస్ హీటరు సంగతి బయటికొచ్చేసింది. పిల్లికి చెప్తున్నట్టే చెప్పాను, కానీ పిల్లి అక్కడ లేదు. వాడు చాలాసేపు రొట్టెకి వెన్న రాశాడు. రాసిందే రాశాడు.

"పికప్ ఏమన్నాడు? మళ్ళీ చెప్పు. సరిగ్గా ఏమన్నాడో."

"అవతల ఆ సరుకు కోసం నిజంగా ఎదురుచూసేవాడు ఒకడుండాలి అన్నాడు. ఇప్పుడు సంతోషమేనా?"

"ఊఁ," అని రొట్టె తినేసి పడుకున్నాడు.

ఇలాంటి మనిషితో ఒకే ఇంటిపేరు పంచుకుంటున్నాను.

సెప్టెంబరు 28

దెస్ గుమ్మంలోంచే అన్నాడు: "రేపు పొద్దున్నే హాగ్‌ఎండ్ రేవుకి రా. మేకుల బూట్లు వేసుకో."

"ఎందుకు?"

"గోడ నడవడానికి. ఇంకెందుకు? నాట్యానికా?"

"సరుకేది?"

"ఉంది."

"ఏంటది?"

"బరువైంది."

అడగలేదు ఇంకేమీ. అడిగితే వాడు గెలిచినట్టు.

సెప్టెంబరు 29, మైకేల్‌మస్, శుక్రవారం

మొత్తం రాస్తాను. మోకాళ్ళు వంగడం లేదు, మంచం మీదే కూర్చుని రాస్తున్నాను.

పొద్దున రేవులో పేషెన్స్ నీళ్ళలో బాగా దిగి ఉంది. పైన టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించి ఉన్నాయి. దెస్ లారీ రేవు పక్కన ఖాళీగా నిలబడి ఉంది. నేను లారీని చూశాను, టార్పాలిన్‌ని చూశాను, బుర్రకి ఏమీ ఎక్కలేదు. కోపంగా ఉన్నప్పుడు నా పట్టా పనిచెయ్యదు.

బారక్లఫ్ గారు నడుముకి బెల్టు కట్టుకొచ్చి లాకుల తలుపులు తీసిపెట్టారు. మేమిద్దరం తాడు భుజాన వేసుకుని గట్టు మీంచి లాగాం. సొరంగం దాకా మాట లేదు. అక్కడ చుక్కాని తిన్నగా ఉండేలా కట్టేసి, ముందు లాంతరు పెట్టి, పలక మీద పడుకున్నాం.

"ఎడమ గోడ నాది," అన్నాను. అది తాత వైపు.

"ఉంచుకో. పట్టా కూడా రాయించుకో."

వాడి తల నా తలకి ఆనింది. మొహం కనబడదు. ఊపిరి వినబడుతుంది. కాళ్ళు చాపితే గోడలో నా బూటు ఒక గుంటలో పడింది, ఇంకో అడుగుకి ఇంకో గుంట. రెండు వందల ఏళ్ళుగా బూట్లు తొక్కి తొక్కి అరగదీసిన రాయి. ఈ అడుగుల గురించి నేను వ్యాసం రాశాను, మంచి మార్కులే వచ్చాయి. గుంటలు ఇంత నున్నగా ఉంటాయని అందులో ఎక్కడా రాయలేదు.

లాంతరు వెలుగు తప్ప ఏమీ కనబడని చోటికి వచ్చేసరికి నా నోరు ఊరుకోలేదు.

"లారీ పని సంగతి తాతకి తెలిస్తే చచ్చిపోతాడు."

"తెలుసు. పనిలో చేరిన రోజే చెప్పాను."

నేను గోడని ఎంత గట్టిగా తన్నానంటే పడవ పక్కకి పోయి కుడి గోడకి ధడేలున కొట్టుకుంది. లాంతరు ఊగింది.

"నా మోకాలే, రాక్షసీ!"

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా? వచ్చిన దగ్గర్నుంచి ఒక్క మాట అడిగావా? చదువు పూర్తయ్యేదాకా ఇంటికి రాలేదు. వచ్చాక ఇల్లు మ్యూజియంలా చూసి పెదవి విరుస్తావు. ఇన్నేళ్ళూ తాత బాగోగులు ఎవరు చూశారనుకున్నావ్? నీకు ఉత్తరాలెవరు రాసిపెట్టారనుకున్నావ్? ఆయనకి అక్షరాలు రావుగా!"

"ఆ ఉత్తరాల్లో 'హేజెల్ గర్వకారణం' అని ఉండేదే?"

"ఆయన చెప్పాడు, నేను రాశాను. పళ్ళు కొరుక్కుంటూ రాశాను!"

"ఆ మాట చదివినప్పుడల్లా నేను ఏడ్చేదాన్ని!"

"ఏడవడానికి నా చేతిరాతే దొరికిందా నీకు?"

ఇప్పుడు వాడూ తన్నుతున్నాడు. నేను తన్నాను, వాడు తన్నాడు. ఇద్దరం అరుస్తున్నాం. సొరంగం మా అరుపుల్ని తిప్పి మాకే కొడుతోంది. చెమట కళ్ళలో పడుతోంది. కొంతసేపటికి నాకు ఒకటి అర్థమైంది. చాలాసేపటి నుంచి పడవ ఎక్కడా తగలలేదు. నీళ్ళ చప్పుడు కూడా సన్నగా, తిన్నగా వినిపిస్తోంది.

వాడికీ అర్థమైంది. అరవడం ఆపాడు.

"ఆపకు," అన్నాను. "పడవ పక్కకి పోతుంది."

"గాడిదా," అన్నాడు దెస్.

"గాడిద నువ్వు."

అలా బయటికొచ్చాం.

సాల్ట్‌బెక్ రేవులో పికప్ గారు గొడుగుతో సిద్ధంగా ఉన్నాడు. టీచరమ్మ, చరిత్ర సంఘం ముసలివాళ్ళు ఇంకో పక్కన. కంచె లోపల రోలర్ ఆగి ఉంది, పారలు ఆనించుకుని కూలీలు కూర్చుని ఉన్నారు. మేస్త్రీ అటూ ఇటూ తిరుగుతూ గడియారం చూసుకుంటున్నాడు. మొహం ఎర్రగా ఉంది.

"శుభాకాంక్షలమ్మా," అన్నాడు పికప్ గారు తీయగా. "ముచ్చటగా ఉంది. ఇంతకీ బొగ్గేనా? మాట్రమ్ గారింట్లో గ్యాసు పెట్టించుకున్నారని విన్నాను. మరి దీనికోసం ఎదురుచూస్తున్నదెవరో?"

 దెస్ తాళ్ళు విప్పి టార్పాలిన్ లాగేశాడు.

రాళ్ళు. పడవ నిండా క్వారీ రాళ్ళు.

మేస్త్రీ కంచె దాటి పరుగెత్తుకొచ్చాడు. ఎవరినీ చూడలేదు, రాళ్ళనీ దెస్‌నీ తప్ప.

"ఒరేయ్ థ్రెల్‌ఫాల్! ఎక్కడ చచ్చావురా పొద్దున్నుంచి? ఇరవైమంది కూలీలు ఊరికే కూర్చున్నారు! నీ రాయి కోసం కళ్ళు కాయలు కాచిపోయాయి! లారీ ఏదీ?"

"లారీ అక్కడే ఉంది. కాలువ దారి దగ్గరనిపించింది," అన్నాడు దెస్.

టీచరమ్మ ముందుకొచ్చింది. ఎక్కాలు అడిగేటప్పటి గొంతుతో అడిగింది: "మేస్త్రీ గారూ, తమరు ఎదురుచూస్తున్న సరుకు ఇదేనా?"

"ఇది కాక ఇంకేంటమ్మా? ఆర్డరిచ్చింది మేమే. మేం అడిగినంతా ఉంది. దింపండిరా!"

"వద్దు!" అని అరిచాడు పికప్ గారు. "దింపొద్దు!"

"దింపొద్దేంటండీ? మీరే కదా మొదటి లోడు ఇవాళ దించకపోతే తాట తీస్తానన్నారు?"

కూలీలు దింపడం మొదలుపెట్టారు. మైకేల్‌మస్ రోజు, హాగ్‌ఎండ్ నుంచి సాల్ట్‌బెక్‌కి, సరుకు నిండిన పడవలో, సాక్షాత్తు మున్సిపాలిటీ వారికి. బారక్లఫ్ గారు చప్పట్లు కొట్టబోయి నడుము పట్టుకున్నారు. పికప్ గారు చాలాసేపు నా వైపు చూశాడు. ఈసారి నేనెవరినని అడగలేదు.

దెస్ ఉద్యోగం మధ్యాహ్నానికి పోయింది. తాళాలు ఇచ్చేసి నడిచొచ్చాడు.

నాతో ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నువ్వు సంతోషపడేదానివి. సంతోషంగా ఉన్నప్పుడు నీ కాళ్ళలో బలం ఉండదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాగా."

వీడి మీద నాకున్న కోపానికి లెక్క లేదు.

సెప్టెంబరు 30

ఆసుపత్రికి ఇద్దరం వెళ్ళాం. తాత పడవ గురించి అడగలేదు, పికప్ గురించి అడగలేదు. "గోడ తగిలిందా?" అన్నాడు.

"లేదు," అన్నాను.

"ఒకసారి," అన్నాడు దెస్. ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించాడు.

తాత ఆ మోకాలు చూసి చాలాసేపు నవ్వాడు. తర్వాత మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మాట్లాడుకుంటున్నారా ఇప్పుడు?"

"లేదు," అన్నాం ఇద్దరం.

"మంచిది," అని కస్టర్డ్ తెమ్మన్నాడు.

అక్టోబరు 8

పికప్ గారు వచ్చే ఏడు చూసుకుంటానన్నాడట. దెస్‌కి ఇంకా పని దొరకలేదు. నాకూ లేదు. ఇద్దరం పొద్దున కాలువలోంచి ఒక పరుపు తీశాం.

సాయంత్రం వాడు రొట్టె మాడ్చాడు. నేనేమీ అనలేదు. అనాలనిపించింది, బోలెడు మాటలు కూడా తట్టాయి, కానీ అనలేదు. మేకుల బూట్లు తుడిచి, వాటి పక్కనే ఆ మాటలన్నీ భద్రంగా పెట్టుకున్నాను. వచ్చే మైకేల్‌మస్‌కి కావాలి.